నీళ్ల దాకా

ఫిబ్రవరి 6, 1961. సోమవారం

హెడ్‌మిస్ట్రెస్ సుగుణమ్మ గారు ఆఫీసు గదికి పిలిచారు. స్టోరు లెక్క అడుగుతారేమోనని చాకుపీసుల పెట్టెలు, పలకలు, బోర్డింగు బియ్యం బస్తాలు మనసులో ఒకసారి చూసుకుని వెళ్లాను. లెక్క అడగలేదు.

"కూర్చో కృపామణీ. గొంతెట్టా ఉంది?"

"ఇంకా పట్టేస్తోందండి."

"ఆగస్టు నుంచీ పట్టేస్తానే ఉంది. డాక్టరు రెండు వారాలు మాట్లాడొద్దన్నాడు. నువ్వు ఆరు నెలలు చేశావు."

 నా నాలుగో తరగతినీ తన ఐదో తరగతినీ కలిపి అనసూయ టీచరు వరండాలో లాక్కొస్తోంది. ఆమె అరుపులు స్టోరు గదికి వినపడతాయి.

"తొమ్మిదేళ్ల బిడ్డని పోగొట్టుకున్న తల్లివి. నాకు తెలియదా? సువార్త నీ క్లాసులోనే ముందు వరసలో కూర్చునేది, అదీ తెలుసు. కానీ బడి నడవాలి గదమ్మా. ఏప్రిల్ ఆఖరుకల్లా ఒక మాట చెప్పు. జూన్‌లో నాలుగో తరగతికి వస్తావా, రాజీనామా ఇచ్చి నడికుడిలో మీ అన్న దగ్గరికి పోతావా? బి.ఏ. చదివింది చాకుపీసులు లెక్కపెట్టడానికా?"

ఇంకో సంగతి కూడా చెప్పారు. అమెరికా నుంచి ఒకామె వస్తోంది. అక్కడ కాలేజీలో మతం గురించి పాఠాలు చెప్పే మనిషి, డాక్టరేటు చేసింది. మూడు నెలలు ఉండి మా టీచర్లకూ, పల్లెల్లో తిరిగే బైబిలు స్త్రీలకూ తర్ఫీదు ఇస్తుంది. నేను పక్కన నిలబడి తెలుగు చెయ్యాలి.

గొంతు అనబోయాను. "సొంతంగా చెప్పేదేముంది, ఆమె చెప్పిందే గదా. మెల్లగా చెప్పు" అన్నారు.

సొంతంగా చెప్పేది కాదు కాబట్టి సరేనన్నాను.

ఫిబ్రవరి 11. శనివారం

దీనమ్మ బియ్యం కోసం వచ్చింది. అన్నం వండేముందు ఒక పిడికెడు బియ్యం తీసి గుడి పేర కుండలో వెయ్యడం మా ఇళ్లలో ఉన్నదే. బైబిలు స్త్రీ దీనమ్మ శనివారాలు వచ్చి పోగుచేసి గుడికి చేరుస్తుంది.

మా ఇంట్లో పిడికెడు వేసే పని సువార్తది. చిన్న పిడికిలి కాబట్టి కుండ నిండేసరికి నెలలు పట్టేది. "నువ్వు వెయ్యమాక, నేనే" అని గిన్నె లాక్కునేది.

"ఇంకా నిండలేదు దీనమ్మా" అన్నాను.

"సర్లే అక్కా" అంది. కుండ వైపు చూసి వెళ్లింది.

ఫిబ్రవరి 22. బుధవారం

ఇవాళ స్టేషన్లో జరిగింది రాసుకోవాలి.

మాచర్ల రైలుకి సుగుణమ్మ గారు, నేను, సంఘం పెద్దలు నలుగురు బంతిపూల దండలతో వెళ్లాం. రైలు ఆగింది. పెద్దలు పై తరగతి పెట్టె దగ్గరికి పరుగెత్తారు. అందులోంచి ఒక ఇంజనీరు భార్య తొంగి చూస్తే కోశాధికారి గారు దండ ఎత్తేశారు కూడా. ఆమె భయపడి కిటికీ మూసుకుంది. ఇవతల మూడో తరగతి పెట్టెలోంచి లావుపాటి నల్లటి ఆడమనిషి, కళ్లద్దాలు, నీలం గౌను, ట్రంకు పెట్టెతో దిగి నిలబడింది. అందరం ఆమెను చూశాం. ఎవరి ఆయానో అనుకున్నాం.

చివరికి పోర్టరు ఖాదర్ వలి పిలిచాడు. "అయ్యా, మీ దొరసాని ఇక్కడుంటే మీరు అక్కడ ఎవర్ని ఎతుకుతున్నారు?"

కోశాధికారి గారు దండ పట్టుకుని నిలబడిపోయారు. "ఈమేనా? ఈమె మనలాగా ఉందే!" అన్నారు.

నేను ముందుకు వెళ్లి నమస్కారం పెట్టాను. పేరు డాక్టర్ ఎస్టెల్లా గ్రీర్. పెద్దాయన ఏమన్నారని అడిగింది.

"మీ రాక మాకు సంతోషం అన్నారు" అని చెప్పాను.

"అంత చిన్న మాటలో అంత ఉందా?" అని నవ్వింది.

దండ ఆఖరికి సుగుణమ్మ గారు వేశారు.

మార్చి 3. శుక్రవారం

పది రోజులుగా పొద్దున మూడు గంటలు, సాయంత్రం రెండు గంటలు మాట్లాడుతున్నాను. గొంతు బాగానే ఉంది. చాకుపీసు పొడి లేదు కదా, అందుకని.

గ్రీర్ గారి పాఠం వింతగా ఉంటుంది. వాక్యం చదివి అర్థం చెప్పదు. కథ చెప్పి కూర్చుంటుంది. "ఇందులో నీళ్లు మోసింది ఎవరు? వండింది ఎవరు? ఎవరి పేరు రాయలేదు?" అని అడుగుతుంది. మొదటి రోజు ఎవరూ నోరు తెరవలేదు. ఇప్పుడు ఆపడం కష్టంగా ఉంది. దీనమ్మ నిన్న, "పెళ్లి విందులో నీళ్లు ద్రాక్షారసం అయినయ్యి సరే, ఆ కడవలు నింపినోళ్లకి కాస్తన్నా పోశారా?" అంది. గ్రీర్ గారికి చెప్తే బల్ల చరిచింది.

ఆమె రాస్తున్న పుస్తకం సంగతి చెప్పింది. వాళ్ల తాతల కాలంలో నల్లవాళ్లని కొని అమ్మేవారు. చదువు నేర్పితే శిక్ష. అలాంటి రోజుల్లో ఆడవాళ్లు వాక్యం నోటికి నేర్చుకుని రాత్రిపూట పొదల మాటున ఒకరికొకరు చెప్పుకునేవారట. వాళ్లు ఏ కథ ఎలా చెప్పారో, ఏది వదిలేశారో, ఏది మార్చారో ముప్పై ఏళ్లుగా ముసలివాళ్లను అడిగి పోగుచేస్తోంది.

"మీ ఇంట్లో మొదట నేర్చుకున్నది ఎవరు?" అని అడిగింది.

మా నాయనమ్మ అన్నాను. బడి గుమ్మం ఎక్కనివ్వని రోజుల్లో, మిరపచేలో కాయలు కోస్తూ పక్క సాలు మనిషి దగ్గర నోటికి నేర్చుకుంది. ఒక సాలు అయ్యేసరికి ఒక కీర్తన.

గ్రీర్ గారు రాసుకుంది. మిరపచేను అనే మాట నాతో మూడుసార్లు పలికించుకుంది.

మార్చి 14. మంగళవారం

ఎండ ముదిరింది. గ్రీర్ గారికి వంటమనిషి టీలో చక్కెర ఎక్కువ వేస్తోంది. వంటమనిషికి చెప్తానంటే వద్దంటుంది. "నా కోసం వేసింది, తాగుతాను" అంటుంది.

నాకు పిల్లలున్నారా అని అడిగింది. లేరన్నాను. అది అబద్ధం కాదు.

మార్చి 18. శనివారం

దీనమ్మ వచ్చింది. కుండ ఇంకా నిండలేదన్నాను.

ఇవాళ ఇద్దరికి వండాను మళ్లీ. మిగిలింది రేపు పొద్దున చద్దన్నం.

మార్చి 31. శుభ శుక్రవారం

మూడు గంటల ఆరాధన. తల్లి సిలువ దగ్గర నిలబడి ఉన్న భాగానికి బయటికి వచ్చాను. గొంతు పట్టేసింది.

ఏప్రిల్ 13. గురువారం

ఇవాళ్టిది రాయకుండా పడుకుంటే బాగుండేది.

వాగు అవతలి పల్లెలో సాయంత్రం కూడిక. గ్రీర్ గారు మాట్లాడటం, నేను తెలుగు చెయ్యడం. బండి మీద వెళ్లాం. పెట్రోమాక్సు లైటు, నాపరాళ్ల అరుగు, గోనెపట్టాలు. ఆడవాళ్లు పసిపిల్లలతో వచ్చారు. ఆదెమ్మ అనే ముసలామె తిన్నగా వచ్చి గ్రీర్ గారి చెయ్యి పట్టుకుని తన చెయ్యి పక్కన పెట్టి చూసింది.

"ఏమే దీనమ్మా, దొరసాని అన్నావు గదే! ఈమె మన పిల్లే గదా. మా చెల్లెలి మొకం ఇట్టాగే ఉండేది."

"అమెరికా నుంచి వచ్చింది పెద్దమ్మా."

"అయితే ఏంది? అక్కడికి తోలుకుపోయుంటారు."

నేను ఇది ఉన్నది ఉన్నట్టు తెలుగు నుంచి ఇంగ్లీషులోకి చెప్పాను. గ్రీర్ గారు ఆదెమ్మ చెయ్యి చాలాసేపు వదల్లేదు.

తర్వాత కథ మొదలుపెట్టింది. దాసి కథ. యజమానికి బిడ్డని కన్న దాసిని, యజమానురాలికి గిట్టక, రొట్టె, తోలుతిత్తిలో నీళ్లు ఇచ్చి బిడ్డతో సహా ఎడారిలోకి వెళ్లగొట్టిన కథ. ఆ కథ చెప్తుందని నాకు ముందు తెలియదు.

ఆమె రెండు మాటలు చెప్పి ఆగుతుంది, నేను చెప్తాను. అలవాటైపోయింది. తిత్తిలో నీళ్లయిపోయాయి. చెప్పాను. బిడ్డని పొద కింద పడుకోబెట్టింది. చెప్పాను. బిడ్డ చావు కళ్లారా చూడలేక బాణం వేసినంత దూరం పోయి కూర్చుని ఏడ్చింది. చెప్పాను. గ్రీర్ గారు చెయ్యెత్తి, దేవుడు ఆమె కళ్లు తెరిచాడు, అక్కడే బావి కనపడింది, తిత్తి నింపుకుని పోయి బిడ్డకు తాగించింది అంది. ఆగి నా వైపు చూసింది.

నేను, "బిడ్డ చచ్చిపోయాడు" అన్నాను.

నా గొంతు అంత స్పష్టంగా ఎప్పుడూ పలకలేదు. చివరి వరస దాకా వినపడింది.

ఆదెమ్మ లేచింది. "ఏంది టీచరమ్మా అట్టా అంటావు? బిడ్డ బతికిద్ది గదా! దీనమ్మ ఎప్పుడు చెప్పినా బావి వచ్చిద్దే!"

"ఊరుకో పెద్దమ్మా, అమెరికాలో చచ్చిపోయిద్దేమో" అని వెనకనుంచి ఎవరో అన్నారు.

కొందరు నవ్వారు. కొందరు నవ్వలేదు. గ్రీర్ గారు నవ్విన వాళ్లను చూసి తనూ నవ్వి, తర్వాతి మాట చెప్పింది. నేను తెలుగు చెయ్యలేదు. ఇంకోటి చెప్పింది. దీనమ్మ లేచి కీర్తన ఎత్తుకుంది. అందరూ అందుకున్నారు. కూడిక అయిపోయింది.



ఏప్రిల్ 14. శుక్రవారం

పొద్దున గ్రీర్ గారు పిలిచింది. "నేను మూడు వాక్యాలు చెప్పాను. నువ్వు ఒకటి చెప్పావు. ఆ తర్వాత ఆ ముసలామె నీతో దెబ్బలాడింది. ఏమన్నావు?"

"వాళ్లకి ఎడారి అంటే తెలియదు. అది వివరించాను."

ఆమె కిటికీలోంచి బయటికి చూసింది. బడి ఆవరణలో గడ్డిపరక లేదు. బోర్డింగు పిల్లలు తడిగుడ్డలు నెత్తిన వేసుకుని పోతున్నారు.

"ఈ ఊళ్లో ఎడారి తెలియనివాళ్లున్నారా?" అంది.

ఏప్రిల్ 15. శనివారం

దీనమ్మ వచ్చింది. బియ్యం అడగలేదు. నేనూ చెప్పలేదు.

ఏప్రిల్ 23. ఆదివారం

అన్నయ్య వచ్చాడు, మధ్యాహ్నం బండికి. నడికుడి జంక్షన్లో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ డ్యూటీ దిగి, ఖాకీ బట్టలతోనే. జామకాయలు తెచ్చాడు.

"రాజీనామా రాసిచ్చేసెయ్యి చెల్లే. క్వార్టర్సులో గది ఖాళీగా ఉంది. మీ వదిన కూడా రమ్మంటోంది. బావ లేని ఇంట్లో ఒక్కదానివీ ఆ గోడల్ని చూసుకుంటా ఎందుకు?"

"అక్కడ ఏం చెయ్యను అన్నయ్యా?"

"ఏం చెయ్యకపోతే ఏంది? కూచో. తిను. రైళ్లు చూడు."

నవ్వాను. అతనూ నవ్వి, వెంటనే ఆపేశాడు.

అన్నం తిన్నాక చెయ్యి కడుక్కుంటూ గోడ వైపు తిరిగి అన్నాడు: "ఆ రోజు గుంటూరులో మందుల షాపు పెందలాడే తీసుంటే ముందు బండి అందేది. నేను షాపు మెట్ల మీదే కూచోనున్నా."

ఈ మాట అతను అనడం ఇది మొదటిసారి కాదు. ప్రతిసారీ నేను, నీ తప్పేముంది అన్నయ్యా అంటాను. ఇవాళా అన్నాను. టైఫాయిడుకి మందు గుంటూరు నుంచి రావాలన్నారు. సువార్త పోయిన మర్నాడు బండికి అన్నయ్య మందుతో దిగాడు. స్టేషన్ నుంచి పరుగెత్తుకుంటూ వచ్చాడు, ఎవరూ చెప్పలేదు అతనికి.

బండెక్కించి వచ్చాను. వారంలో చెప్తానన్నాను.

వెళ్లడమే మంచిదేమో. గొంతుకి కూడా.

ఏప్రిల్ 25. మంగళవారం

గ్రీర్ గారితో చెప్పేశాను.

చెప్పాలని వెళ్లలేదు. తర్ఫీదు కాగితాలు ఇవ్వడానికి వెళ్లాను. ఆమె జామకాయ కోసి ఉప్పు కారం అద్దుకుని తింటోంది. సగం నాకిచ్చింది. తింటూ, "మొన్న కూడికలో బిడ్డ చచ్చిపోయాడని చెప్పాను" అన్నాను.

ఆమె కలం తీసింది. నా ముఖం చూసి, మూత పెట్టి పక్కన పెట్టేసింది.

"పేరేమిటి?" అంది.

నేను కాగితం మీద ఇంగ్లీషులో రాశాను. పైకి అనలేకపోయాను. ఎనిమిది అక్షరాలు. దానికి అర్థమేమిటో చెప్పాను, ఆ మాట మీదే రోజూ ఆమె పాఠం చెప్తుందనీ చెప్పాను.

మందు మర్నాటి రైల్లో వచ్చిందని చెప్పాను. సమాధి అయ్యాక జరిగిన ఆదరణ కూడికలో అందరూ ఏడవొద్దమ్మా, ఏడిస్తే దేవుణ్ణి తప్పుపట్టినట్టు అన్నారని చెప్పాను. అందుకని ఏడవలేదు. ఆ తర్వాత గొంతు పట్టేసింది.

అప్పుడు గ్రీర్ గారు తన సంగతి చెప్పింది. తమ్ముణ్ణి ఒక రాత్రి పోలీసులు పట్టుకెళ్లారట. మూడో రోజు నదిలో దొరికాడు. ఎవరికీ శిక్ష పడలేదు. ఆమె అప్పటికే కాలేజీలో మతం పాఠాలు చెప్పే మనిషి. క్లాసు మొదట్లో ప్రార్థన చెయ్యాలి. నోరు పెగిలేది కాదు. ఎవరో ఒక విద్యార్థి లేచి చేసేవాడు. ఏడాది అలా నడిచింది.

"ఒక చాకలి ఆమె వచ్చింది. డెబ్బై ఏళ్లు. మా దగ్గర ఓటు రాయించుకోవాలంటే చదివి చూపించాలి, నల్లవాళ్లని అక్కడే తప్పిస్తారు. నాకు చదువు నేర్పు అంది. ఒక కొట్టు వెనక గదిలో మంగళవారం, శుక్రవారం సాయంత్రాలు మొదలుపెట్టాను. నాకు ప్రార్థన రావడం లేదు. అక్షరాలు వచ్చు. వచ్చిందే చేశాను."

"అప్పుడు తగ్గిందా?"

"లేదు. మంగళవారాలూ శుక్రవారాలూ గడిచాయి. మిగతా రోజులు ఎలా గడిచాయో నాకు గుర్తు లేదు."

"ఆమె ప్యాసయిందా?"

"మూడుసార్లు తప్పించారు. నాలుగోసారి వెళుతూ టోపీ కొత్తది కొనుక్కుంది." నవ్వింది. "ఇప్పుడు పదహారు మంది అయ్యారు. నేను ఇక్కడుంటే ఆమే పాఠం చెప్తోంది."

లేచేటప్పుడు, "మళ్లీ ఆ పల్లెకి వెళ్లాలి నువ్వు. ఆ ముసలామెకి బాకీ ఉన్నావు" అంది.

నేను వెళ్లనన్నాను.

ఏప్రిల్ 28. శుక్రవారం

దీనమ్మ వచ్చి తిట్టినంత పని చేసింది. "అక్కా, నా బతుకు బజారు పాలయింది. అమెరికా వాక్యం వేరు, మన వాక్యం వేరని ఆదెమ్మ పల్లెంతా చాటింపేసింది. ఎవరింటికి పోయినా, 'మీ దాంట్లో బతికాడా, చచ్చాడా' అని అడుగుతున్నారు. నువ్వొచ్చి చెప్పాల్సిందే."

ఆమె పని చెడగొట్టాను. వెళ్లక తప్పదు.

ఏప్రిల్ 29. శనివారం

పొద్దున్నే ఎండ ఎక్కకముందు వెళ్లాం. గ్రీర్ గారు కూడా వచ్చింది. "ఈసారి నేను మాట్లాడను" అని ఆదెమ్మ ఇంటి ముందు నులకమంచం మీద కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకుంది.

ఆదెమ్మ అప్పుడే నీళ్లకు పోయి వచ్చింది. కడవ సగమే ఉంది.

"పెద్దమ్మా, వాక్యంలో బిడ్డ బతికాడు. నేనే తప్పు చెప్పాను. దీనమ్మ చెప్పిందే నిజం" అన్నాను.

"ఆ సంగతి నాకు తెలియదా? చిన్నప్పట్నుంచీ వింటున్నా." కడవ దించి పక్కన కూర్చుంది. "నలుగుర్ని పూడ్చా టీచరమ్మా. ముగ్గురు కళ్లు తెరిచీ తెరవకముందే. ఒకడు పెళ్లీడు వాడు. దీనమ్మ బావి సంగతి చెప్పినప్పుడల్లా, ఎవురికో కనపడ్డది, సంతోషం, అనుకునేదాన్ని. ఆ రోజు నువ్వు చచ్చిపోయాడన్నావు. మా ఇంటి సంగతి ఈమెకెట్టా తెలిసిందా అనిపించింది. అందుకే లేచి అరిచా."



"నీ బిడ్డేనా?" అంది ఆదెమ్మ.

"అవును."

"అనుకున్నా. పేరేంది?"

"సువార్త."

పైకి అన్నాను. ఆగస్టు తర్వాత ఇదే మొదటిసారి.

"మంచి పేరు. చదువుకునేదా?"

"నాలుగో తరగతి. నేనే చెప్పేదాన్ని."

"ఇప్పుడెవురికి చెబుతున్నావు?"

గొంతు బాగాలేదని అనబోయాను. అరగంట నుంచి ఆమెతో మాట్లాడుతున్నాను. "ఎవరికీ చెప్పడం లేదు" అన్నాను.

ఆదెమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "సరే, అది అట్టా ఉంచు. ఒకటడుగుతా. ఆ తల్లికి బావి కనపడింది అంటారు గదా. మాకూ రోజూ కనపడిద్ది. గట్టు కింద కడవలు పెట్టుకుని కూచుంటాం, పై కులపోళ్లు ఎవురన్నా జాలిపడి తోడి పోసిందాకా. ఇయ్యాళ సగమే పోశారు. ఆమెకి ఎవురు తోడి పోశారు?"

"ఆమే తోడుకుంది పెద్దమ్మా. అక్కడ ఇంకెవరూ లేరు."

"ఎవురూ లేరా! అట్టాగైతే అదృష్టవంతురాలేనే!"

ఏమందో చెప్పమని గ్రీర్ గారు నా మోచెయ్యి గిల్లింది. మొత్తం చెప్పాను, ఒక్క మాట వదలకుండా. నలుగురు పిల్లలు, సగం కడవ, అదృష్టవంతురాలు, అన్నీ. ఆమె విని, ఒళ్లో తొక్కలు కింద పడేటట్టు నవ్వింది. నవ్వుతూ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. ఆదెమ్మ ఆమెను చూసి నవ్వింది. నాకూ వచ్చింది. నవ్వో ఏడుపో తెలియలేదు. ఏడవొద్దని ఎవరూ అనలేదు. ఆదెమ్మ వేరుశనగపప్పు గుప్పెడు తీసి నా చేతిలో పెట్టి, "తిను ముందు" అంది.

సాయంత్రం దీనమ్మ బియ్యానికి వచ్చింది. కుండ దించాను. బియ్యానికి పురుగు పట్టింది. ఇద్దరం చేటలో పోసి చెరిగాం. అడుగున ఉన్నదంతా సువార్త వేసిందే. దీనమ్మ సంచిలో అప్పటికే నాలుగిళ్ల బియ్యం ఉంది. అందులో పోసింది. కలిసిపోయింది. సంచి భుజాన వేసుకుని వెళ్లింది.

కుండ కడిగి బోర్లించాను.

ఏప్రిల్ 30. ఆదివారం

ఆరాధన అయ్యాక సుగుణమ్మ గారు గుమ్మం దగ్గర నిలబడి ఉన్నారు. నేను ముందే మాట్లాడాను.

"బడి తెరిచే జూన్ పన్నెండున ఒక్కరోజు క్లాసుకి వెళ్లి చూస్తానండి. కుదరకపోతే రాజీనామా ఇస్తాను."

"ఒక్కరోజుకి టైంటేబులు వెయ్యమంటావా?"

"వెయ్యండి."

"వాక్యం పీరియడు కూడా నీదే మరి. నాలుగో తరగతికి మొదటి గంట అదే."

సరేనన్నాను.

అన్నయ్యకి కార్డు రాశాను. జూన్‌లో చెప్తానని.

మే 17. బుధవారం

గ్రీర్ గారు వెళ్లిపోయింది. స్టేషన్‌కి పల్లె నుంచి పదిమంది ఆడవాళ్లు నడిచి వచ్చారు. ఈసారి దండలు ఎవరికి వెయ్యాలో అందరికీ తెలుసు. కోశాధికారి గారు అందరికంటే ముందు నిలబడ్డారు.

ఆదెమ్మ ఎండుమిరపకాయలు మూట కట్టి ఇచ్చింది. "అక్కడ కూరల్లో కారం ఉండదంట. ఎట్టా తింటారో."

గ్రీర్ గారు కిటికీలోంచి నన్ను పిలిచింది. "మొదటి రోజు ఈ స్టేషన్లో ఆ పెద్దాయన నిజంగా ఏమన్నాడు?"

చెప్పాను. ఈమె మనలాగా ఉందే అన్నారని.

"ఆ రోజే చెప్పి ఉంటే సంతోషించేదాన్ని కదా" అంది.

బండి కదిలింది. జూన్ పన్నెండు సంగతి ఆమె ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

జూన్ 9. శుక్రవారం

వర్షం లేదు. తలనొప్పి. గొంతు కూడా కొంచెం పట్టినట్టుంది. సోమవారానికి తగ్గకపోతే అనసూయకి చెప్పాలి.

జూన్ 11. ఆదివారం

తగ్గింది.

జూన్ 12. సోమవారం

వెళ్లాను.

గది మారలేదు. నల్లబల్లకి రంగు వేశారు. కొత్త పిల్లలు, మూడో తరగతి నుంచి వచ్చినవాళ్లు. ముందు వరసలో కుడి చివర ఒక పిల్ల కూర్చుంది. నూనె పెట్టి రెండు జడలు వేసుకుంది. పేరు అడిగితే కరుణ అంది. ఆ చోట ఎవరో ఒకరు కూర్చోవాలి కదా.

మొదటి గంట వాక్యం. పాఠ్యక్రమంలో ఉన్నది చెప్పి ఊరుకోవచ్చు. నిలబడేసరికి దాసి కథ మొదలుపెట్టాను. పక్కన ఎవరూ ఇంగ్లీషులో చెప్పడం లేదు. రొట్టె ఇచ్చారు, తిత్తిలో నీళ్లిచ్చారు, వెళ్లగొట్టారు. నీళ్లయిపోయాయి. పొద కింద పడుకోబెట్టింది. దూరం పోయి కూర్చుంది. అక్కడ ఆగాను. పిల్లలు ఆగారు. అనసూయ అరుపు గోడ అవతలనుంచి వినపడింది. ఐదో తరగతికి ఎక్కం చెప్పిస్తోంది.

బావి కనపడింది, అన్నాను. ఆమే తోడుకుంది. బిడ్డకి తాగించింది. బతికాడు.

పిల్లలు ఊపిరి వదిలారు.

కరుణ చెయ్యెత్తింది. "టీచర్, బావి కనపడకపోతే?"

"చచ్చిపోయేవాడు."

"మా తమ్ముడు చచ్చిపోయాడు టీచర్, పోయినేడు" అని వెనకనుంచి ఒక పిల్ల అంది. నేను ఆమె పేరు అడిగాను. తమ్ముడి పేరు కూడా అడిగాను. చెప్పింది.

కరుణ చెయ్యి దించలేదు. "చచ్చిపోతే వాళ్లమ్మ ఏం చేసేది టీచర్? అక్కడే కూచునేదా?"

గంట కొట్టారు. ఎవరూ లేవలేదు. రేపు చెప్తానన్నాను.

మిగతా గంటలు లెక్కలు, తెలుగు, సాంఘికం చెప్పాను. గొంతు ఎలా ఉందని సుగుణమ్మ గారు అడగలేదు. వరండాలోంచి ఒకసారి చూసి వెళ్లారు.

ఇంటికొచ్చి బియ్యం ఒక్కరికే కొలిచాను. కుండ తిరగేసి, ఒక పిడికెడు వేశాను. నా పిడికిలి పెద్దది, ఈసారి త్వరగా నిండుతుంది.

బావి కనపడకపోతే వాళ్లమ్మ ఏం చేసేదో రేపు మొదటి గంటకల్లా ఆలోచించాలి.